సెల్ఫ్ అందుకోని బైకు: బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ దారిని పరీక్షించే పద్ధతి

బటన్ నొక్కినప్పుడు టక్కుమని ఒక్క చప్పుడు మాత్రమే వచ్చి సెల్ఫ్ మోటారు కదలకపోతే, చాలామంది నోట ముందుగా వచ్చే మాట "బ్యాటరీ పోయింది, మార్చేయండి" అన్నదే. కొన్నిసార్లు అది నిజం కూడా. అయితే చెన్నైలో తిరువాన్మియూరు, బెసెంట్ నగర్, రాయపురం, తిరువొత్తియూరు వంటి సముద్రపు గాలి తగిలే పేటల్లో ఆరుబయట నిలిపే బైకుల విషయంలో, బ్యాటరీతో పాటు తప్పనిసరిగా అనుమానించవలసినది బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజనుకూ ఫ్రేముకూ వెళ్లే ఎర్త్ వైరు బిగింపును. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలూ, ఏడాది పొడవునా గాలిలో ఉండే ఉప్పు తేమా కలిసి వైరు కొసన బోల్టుకు బిగించే రాగి లగ్గుకు చిలుము పట్టిస్తాయి, ఇనుప బోల్టుకు తుప్పు పట్టిస్తాయి, ఇంజను అడుగు పెట్టె అయిన అల్యూమినియం క్రాంక్‌కేసు మీద తెల్లని పొడిని పేరుస్తాయి. ఈ మూడూ కరెంటుకు అడ్డుపడేవే. కిక్ రాడ్ లేని బైకులు ఎక్కువైపోయిన ఈ రోజుల్లో సెల్ఫ్ మొరాయిస్తే బండిని తోసుకుంటూ పోవడమే గతి కాబట్టి, లోపం ఎక్కడుందో సొంతంగా తేల్చుకోగలగడం ప్రతి యజమానికీ అవసరమని నా గట్టి నమ్మకం. ఒక మల్టీమీటరు, నాలుగు స్పానర్లు ఉంటే ఆ పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

కరెంటు వెళ్లే దారి, తిరిగి వచ్చే దారి

సెల్ఫ్ వ్యవస్థలో రెండు వలయాలు ఉంటాయి. మొదటిది సన్న వైర్ల వలయం. ఇగ్నిషన్ తాళం, ఫ్యూజు, కిల్ స్విచ్, సెల్ఫ్ బటన్, క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్, కొన్ని మోడళ్లలో సైడ్ స్టాండ్ స్విచ్, వీటన్నిటినీ దాటుకుని ఈ వలయం స్టార్టర్ రిలే (సన్న కరెంటుతో లావు కరెంటును కలిపే స్విచ్) లోని కాయిల్‌కు చేరుతుంది. దీని పని రిలేను మూయించడం, అంటే దానిలోని లావు కాంటాక్టులను కలిపించడం వరకే. రెండోది లావు వైర్ల వలయం. బ్యాటరీ పాజిటివ్ నుంచి రిలే లావు టెర్మినళ్ల గుండా సెల్ఫ్ మోటారుకు వెళ్లిన కరెంటు, మోటారు బాడీ నుంచి ఇంజను క్రాంక్‌కేసుకు, అక్కడి నుంచి ఎర్త్ వైరు ద్వారా తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరుతుంది. మోటారుకు విడిగా నెగటివ్ వైరు లేకపోవడం వల్ల చాలామంది దృష్టి ఎర్ర వైరు మీదే నిలిచిపోతుంది. నిజానికి మోటారులోకి ఎంత కరెంటు పోతుందో అంతా ఎర్త్ దారిలోనే తిరిగి రావాలి.

ఈ దారిలో చిన్న అడ్డంకి ఎంత నష్టం చేస్తుందో ఒక లెక్కతో చూద్దాం. సెల్ఫ్ మోటారు సుమారు 80 ఆంపియర్లు తీసుకుంటున్నదనీ, ఎర్త్ బిగింపు దగ్గర 0.02 ఓముల నిరోధం మాత్రమే ఉందనీ అనుకుందాం. ఓమ్ సూత్రం ప్రకారం అక్కడే 1.6 వోల్టులు హరించుకుపోతాయి. మోటారు తిరిగేటప్పుడు బ్యాటరీ వద్ద 10.5 వోల్టులు ఉన్నా, మోటారుకు అందేది 8.9 మాత్రమే. పోయిన శక్తి ఆ బిగింపు దగ్గర 128 వాట్ల వేడిగా మారుతుంది. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టిన తరువాత ఎర్త్ లగ్గును వేలితో తాకితే వెచ్చగా ఉండడానికి కారణం ఇదే.

ఇక్కడే ఇంకో సంగతి గమనించాలి. 0.02 ఓములను మామూలు మల్టీమీటరు కొలవలేదు. దాని పిన్నుల వైర్లకే అంతకన్నా ఎక్కువ నిరోధం ఉంటుంది. మీటరును బీప్ మీద పెట్టి "కుయ్‌మంది కాబట్టి ఎర్త్ బాగుంది" అని తీర్మానించడం అందుకే తప్పు. తెగిపోగా ఒక్క పురి మిగిలిన తాడు బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది, బావిలోంచి నిండు బిందె చేదడానికి పనికిరాదు. ఎర్త్ దారిని లావు కరెంటు పారుతున్నప్పుడే పరీక్షించాలి. ఈ మార్గదర్శికి ఆయువుపట్టు ఆ పరీక్షే.

పనిముట్లు, జాగ్రత్తలు

డీసీ వోల్టులను రెండు దశాంశ స్థానాల వరకు చూపించే డిజిటల్ మల్టీమీటరు చాలు. అన్నా సాలై పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో ఇవి విరివిగా దొరుకుతాయి. దీనితో పాటు 8, 10, 12 నంబరు స్పానర్లు, ఇత్తడి వైరు బ్రష్షు, సన్న గరుకు కాగితం, వాజిలిన్, రెండు కొసలకూ క్లిప్పులుండే లావు వైరు, అంటే ఒక జంపర్ కేబులు దగ్గర పెట్టుకోవాలి.

బ్యాటరీ విప్పేటప్పుడు ఇగ్నిషన్ ఆఫ్ చేసి ముందుగా నెగటివ్‌ను, తరువాత పాజిటివ్‌ను విప్పాలి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. నెగటివ్ బిగించి ఉండగా పాజిటివ్ బోల్టు తిప్పుతున్న స్పానరు ఫ్రేముకు తగిలితే బ్యాటరీ మొత్తం ఆ స్పానరు గుండా షార్ట్ అవుతుంది. మల్టీమీటరును ఆంపియర్ల స్థానంలో పెట్టి సెల్ఫ్ మోటారు కరెంటును కొలిచే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు, ఎందుకంటే మామూలు మీటర్లు తట్టుకునేది 10 ఆంపియర్లే. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "చార్జింగ్ ఉందా లేదా" చూడడం పాత బండ్ల రోజుల అలవాటు. ఇప్పటి ఇంధన ఇంజెక్షన్ బండ్లలో అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటరు) పాడయ్యే ప్రమాదం ఉంది. పరీక్షల్లో సెల్ఫ్ బటన్‌ను ఒకసారికి 5 సెకన్లకు మించి నొక్కకూడదు, నొక్కిన ప్రతిసారీ అరనిమిషమైనా మోటారుకు విరామం ఇవ్వాలి.

వరద నీటిలో మునిగిన బండికి ఇవేవీ మొదటి అడుగులు కావు. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సమయంలోనూ వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతాల్లో మునిగినట్టుగా ఎయిర్ ఫిల్టరు దాకా నీరు ఎక్కిన బండికి సెల్ఫ్ బటన్ ముట్టుకోనే కూడదు. సిలిండరులో నీరు చేరి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి నీటిని బయటకు పంపి, ఇంజను ఆయిల్‌లో నీరు కలిసిందో లేదో చూసిన తరువాతే సెల్ఫ్ సంగతి ఆలోచించాలి.

మొదటి అడుగు: చెవితో వినడం

న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ పట్టుకుని, బటన్ నొక్కి చప్పుడును శ్రద్ధగా వినండి. ఏ చప్పుడూ లేకపోతే లోపం చాలావరకు సన్న వైర్ల వలయంలో ఉంటుంది. టక్కుమని ఒక్కసారి మోగి ఆగిపోతే రిలే మూసుకున్నదని అర్థం. అప్పుడు అనుమానం లావు వైర్ల వలయం మీదకు, అంటే బ్యాటరీ, బిగింపులు, ఎర్త్, రిలే లోపలి కాంటాక్టులు, మోటారు మీదకు వెళ్లాలి. టకటకమని వరుసగా కొట్టుకుంటుంటే, మోటారు కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోయి రిలే వదిలేస్తోందన్నమాట. బ్యాటరీ నీరసించినా, బిగింపు వదులైనా ఇలాగే జరుగుతుంది. మోటారు రయ్యిమని తిరుగుతూ ఇంజను కదలకపోతే కరెంటు దోషం లేదు, మోటారు తిప్పుడును ఇంజనుకు అందించే స్టార్టర్ క్లచ్ జారుతోంది. దానికి ఇంజను కవరు విప్పాలి కాబట్టి మెకానిక్కుకు అప్పగించడమే మేలు.

ఫ్రేము ఎర్త్ చెడిందనడానికి ఇంకొన్ని గుర్తులు ఉన్నాయి. ఇండికేటరు వేస్తే హెడ్‌లైటు కూడా దానితో పాటు మినుకుమినుకుమనడం, బ్రేకు నొక్కితే హారను గొంతు తగ్గడం, సెల్ఫ్ కొట్టగానే డిజిటల్ మీటరు ఆరిపోయి గడియారం మొదటికి రావడం వంటివి. వీటిలో కొన్ని బ్యాటరీ నీరసం వల్ల కూడా రావచ్చు. అయితే సెల్ఫ్ కొట్టినప్పుడు క్లచ్ కేబులు గానీ యాక్సిలరేటర్ కేబులు గానీ వేడెక్కితే మాత్రం సందేహించనక్కరలేదు. అసలు ఎర్త్ దారి మూసుకుపోయి, ఇంజను నుంచి ఫ్రేముకు ఆ సన్న ఇనుప కేబులు గుండా మోటారు కరెంటు పోతోందన్నమాట. ఆ స్థితిలో మళ్లీ బటన్ నొక్కకండి. కేబులు లోపలి పొర కరిగి బిగుసుకుపోతుంది.

రెండో అడుగు: బ్యాటరీ నిజంగా నీరసించిందా

బండి కొన్ని గంటలు ఆగి ఉన్న తరువాత, ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగా బ్యాటరీ రెండు కొసల మధ్య వోల్టేజీ చూడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా చార్జయి ఉంటే 12.6 నుంచి 12.8 దాకా చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సగమే మిగిలిందని లెక్క. 12.4 కన్నా తక్కువ ఉంటే మిగతా పరీక్షలు ఆపి ముందు చార్జరు పెట్టండి. నీరసించిన బ్యాటరీతో చేసే పరీక్ష ఫలితాలు దారి తప్పిస్తాయి.

తరువాత మీటరు పిన్నులను అక్కడే ఉంచి, వేరొకరిని సెల్ఫ్ బటన్ నొక్కమనండి. ఈ ఒక్క అంకె రెండు రకాల రోగాలను విడదీస్తుంది. మోటారు నీరసంగా మూలుగుతుండగా బ్యాటరీ వద్ద వోల్టేజీ 9.5 కన్నా కిందికి జారితే, బ్యాటరీ లోపలి శక్తి పోయిందని గానీ, మోటారు ఎక్కడో పట్టేసి అతిగా కరెంటు లాగుతోందని గానీ అనుకోవాలి. మోటారు మూలుగుతూనే ఉన్నా బ్యాటరీ వద్ద 11.5 వంటి మంచి వోల్టేజీ నిలిచి ఉంటే, బ్యాటరీ దగ్గరున్న శక్తి మోటారుకు చేరడం లేదన్నమాట. అడ్డంకి దారిలో ఉంది. ఈ స్థితిలో కొత్త బ్యాటరీ కొంటే డబ్బు వృథా.

మూడో అడుగు: పారుతున్న కరెంటులో వోల్టేజీ నష్టం కొలవడం

మీటరును డీసీ 20 వోల్టుల స్థానంలో ఉంచండి. నల్ల పిన్నును బ్యాటరీ నెగటివ్ కొస మీద పెట్టాలి. బోల్టు మీద గానీ లగ్గు మీద గానీ పెట్టకూడదు. లగ్గుకూ బ్యాటరీ కొసకూ మధ్య కూడా చిలుము ఉండవచ్చు, అది కూడా కొలతలోకి రావాలి. ఎర్ర పిన్నును సెల్ఫ్ మోటారు బాడీ మీద రంగు లేని చోట గట్టిగా నొక్కి పట్టండి. రంగు ఉంటే పిన్ను మొనతో గీకి లోహాన్ని తాకనివ్వండి. ఇప్పుడు బటన్ నొక్కించి, మోటారు తిరుగుతున్న ఆ రెండు మూడు సెకన్లలో మీటరు చూపించే అంకెను గుర్తుపెట్టుకోండి. ఇంజను స్టార్టయిపోతే ఆపేసి మళ్లీ చేయండి.

అంకె 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ దారి శుభ్రంగా ఉంది. 0.5 దాటితే లోపం దొరికినట్టే. మధ్యలో ఉంటే, నా మాటగా చెబుతున్నాను, శుభ్రం చేసేయండి. వానాకాలం వచ్చేసరికి అది పెరగడమే తప్ప తగ్గదు.

ఈ కొలతలో ఒక మోసం పొంచి ఉంది. కరెంటు అసలే పారకపోతే నష్టం కూడా సున్నాగానే కనిపిస్తుంది. మోటారు ఏమాత్రం కదలక, మీటరు 0.00 చూపిస్తే ఎర్త్ బాగుందని సంబరపడకూడదు. రిలే కాంటాక్టులు కాలిపోయి కరెంటే వెళ్లకపోవచ్చు, మోటారు కార్బన్ బ్రష్షులు అరిగి వలయం తెగిపోయి ఉండవచ్చు. బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ వోల్టేజీ కొంతైనా తగ్గుతోందా అని చూసుకుంటే కరెంటు పారుతున్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

మొత్తం నష్టం ఎక్కువని తేలాక దారిని ముక్కలుగా కొలుస్తూ వెళ్లండి. బ్యాటరీ కొసకూ దాని మీది లగ్గుకూ మధ్య, వైరు ఈ చివరి లగ్గుకూ ఆ చివరి లగ్గుకూ మధ్య, ఆ లగ్గుకూ క్రాంక్‌కేసుకూ మధ్య, క్రాంక్‌కేసుకూ మోటారు బాడీకీ మధ్య, ప్రతిచోటా బటన్ నొక్కిస్తూ చూడండి. నష్టంలో ఎక్కువ భాగం ఏ ముక్కలో కనిపిస్తే విప్పవలసిన బిగింపు అదే.

ఇదే పద్ధతిలో పాజిటివ్ వైపు కూడా బ్యాటరీ పాజిటివ్ కొస నుంచి మోటారు టెర్మినల్ దాకా కొలవాలి. ఇక్కడ రిలే కూడా దారిలో ఉంది కాబట్టి 0.5 వోల్టుల దాకా సహించవచ్చు. రిలే రెండు లావు టెర్మినళ్ల మధ్య మాత్రమే కొలిచినప్పుడు, బటన్ నొక్కకముందు బ్యాటరీ వోల్టేజీ అంతా కనిపించి, నొక్కగానే 0.3 లోపుకు పడిపోవాలి. రిలే టక్కుమంటున్నా ఆ అంకె పడిపోకపోతే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి, రిలే మార్చాలి. ఆ రెండు టెర్మినళ్లకు స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి నిప్పురవ్వలు రేపే పద్ధతిని రోడ్డు పక్కన చూస్తుంటాం. పెట్రోలు ట్యాంకు పక్కనే చేసే ఆ పనిని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

మీటరు లేని వేళ ఒక దగ్గర దారి ఉంది. జంపర్ కేబులు ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కూ, రెండో కొసను ఇంజను మీద రంగు లేని బోల్టుకూ పట్టించి సెల్ఫ్ కొట్టండి. అప్పటిదాకా మూలిగిన మోటారు ఒక్కసారిగా చురుగ్గా తిరిగితే ఎర్త్ వైరుదే తప్పని రుజువైనట్టే.

నాలుగో అడుగు: ఎర్త్ బిగింపును విప్పి శుభ్రం చేయడం

మా అపార్ట్‌మెంటులో ఉండే నెల్లూరు కుర్రవాడి బండి విషయం ఇక్కడ చెప్పడం అవసరం. "అంకుల్, బ్యాటరీ కొత్తదే గదా, మళ్లీ ఎందుకిట్టా టక్కుమని ఆగిపోతాంది?" అని అడిగితే, "ఫ్రేముకు ఈ మధ్య ఏమైనా పని చేయించావా బాబూ?" అని అడిగాను. ఓ వర్క్‌షాపులో ఫ్రేముకూ ఇంజనుకూ పౌడర్ కోటింగ్ వేయించాడట. ఎర్త్ వైపు నష్టం ఒకటిన్నర వోల్టుకు పైగా ఉంది. క్రాంక్‌కేసు వెనక వైపు ఎర్త్ బోల్టు విప్పి చూస్తే, లగ్గు కూర్చునే చోట నున్నటి నల్లరంగు అలాగే ఉంది. కరెంటు మొత్తం బోల్టు మరల గుండా మాత్రమే పోతోంది. ఆ మరల మీద అప్పటికే తెల్లని పొడి చేరింది. లగ్గు అడుగున వాషరు అంచు నొక్కుకున్న ఒక సన్నని వలయం తప్ప మిగతాదంతా ఆకుపచ్చగా మారింది. రంగు గీకి బిగించాక నష్టం 0.1కి దిగింది, సెల్ఫ్ మొదటి దెబ్బకే అందుకుంది. రంగు వేయించిన ప్రతి బండికీ ఈ పరీక్ష తప్పనిసరి.

శుభ్రం చేసే క్రమం ఇది. బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కకు వంచి, ఎర్త్ బోల్టును ఇంజను వైపు కూడా పూర్తిగా తీసేయండి. లగ్గు రెండు ముఖాలనూ, అది కూర్చునే లోహపు చోటునూ, వాషరునూ, బోల్టు మరలనూ గరుకు కాగితంతో, బ్రష్షుతో మెరిసేదాకా రుద్దండి. బ్యాటరీ కొసల మీద తెల్లగా యాసిడ్ పొక్కు ఉంటే వంటసోడా కలిపిన నీటితో కడిగి, తడి ఆరాక బిగించండి. పళ్ల వాషరు దొరికితే వేయడం మంచిది. దాని పళ్లు లోహంలోకి దిగి పట్టు నిలుపుతాయి. అల్యూమినియంలో ఉన్న మర సులభంగా తెగుతుంది కాబట్టి బలమంతా పెట్టి బిగించకూడదు. బిగించిన తరువాత, ముందు కాదు, బిగింపు చుట్టూ బయటివైపు వాజిలిన్ పలచగా పూయండి. అది ఉప్పు తేమను లోపలికి పోనివ్వదు.

లగ్గు బాగున్నా వైరే చెడి ఉండవచ్చు. లగ్గు దగ్గర రబ్బరు తొడుగును కొద్దిగా వెనక్కి జరిపి చూడండి. రాగి పోగులు నల్లబడి, వంచితే కరకరమంటుంటే చిలుము లోపలికి పాకిందన్నమాట. అటువంటి వైరును అతుకు వేయకుండా మార్చేయాలి. పుదుపేటలోనూ, జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనూ స్పేర్ పార్టుల దుకాణాల్లో వైరు, రాగి లగ్గులు దొరుకుతాయి. పాతదానికన్నా సన్న వైరు తీసుకోవద్దు. లగ్గును టంకం వేయించడం కన్నా సరైన పనిముట్టుతో క్రింపింగ్ చేయించడం, అంటే వైరు మీద నొక్కి బిగించడం మేలు. టంకం వైరు పైకి పాకి గట్టిపడిన చోట, ఇంజను అదురుకు పోగులు తెగుతాయి.

ఫ్రేము ఎర్త్‌ను విడిగా చూడాలి. హెడ్‌లైటు, ఇండికేటర్లు వెలుగుతుండగా బ్యాటరీ నెగటివ్ కొసకూ ఫ్రేము లోహానికీ మధ్య 0.1 వోల్టుకు మించి కనిపిస్తే, వైరింగ్ కిట్టులోని నల్ల వైర్లన్నీ కలిసే బోల్టును వెతికి ఇదే విధంగా శుభ్రం చేయండి. వైర్ల రంగులు కంపెనీని బట్టి మారుతాయి కాబట్టి మీ మోడల్ వైరింగ్ పటం చూడడం మంచిది.

చప్పుడే లేకపోతే

ముందుగా సులభమైనవి చూడండి: మెయిన్ ఫ్యూజు, కిల్ స్విచ్, సైడ్ స్టాండ్, క్లచ్ లివరు కింది స్విచ్. అవి బాగుంటే రిలే మీది రెండు సన్న వైర్ల మధ్య, బటన్ నొక్కి ఉండగా వోల్టేజీ చూడాలి. దాదాపు 12 వోల్టులు ఉండి కూడా రిలే పలకకపోతే కాయిల్ పోయింది. వోల్టేజీ లేకపోతే, ఒక్కో వైరునూ బ్యాటరీ నెగటివ్‌తో పోల్చి కొలవండి. ఏ వైరులోనూ 12 రాకపోతే లోపం బటన్ వైపు ఉంది. రెండు వైర్లలోనూ 12 కనిపిస్తే కాయిల్‌కు ఎర్త్ అందడం లేదు. చాలా మోడళ్లలో ఆ ఎర్త్ క్లచ్ స్విచ్ లేదా న్యూట్రల్ స్విచ్ ద్వారా వస్తుంది. క్లచ్ పట్టుకుంటే సెల్ఫ్ పనిచేసి, న్యూట్రల్‌లో వదిలితే పనిచేయకపోతే న్యూట్రల్ స్విచ్‌ను అనుమానించండి. చెన్నై వానల తరువాత బటన్ లోపలి కాంటాక్టులు నల్లబడడం సర్వసాధారణం. కాంటాక్ట్ క్లీనరు కొట్టి పదిసార్లు నొక్కితే తరచుగా దారికి వస్తుంది.

మోటారు దగ్గరకు వచ్చేసరికి

బ్యాటరీ, రెండు వైపుల దారి, రిలే అన్నీ నిర్దోషులని తేలిన తరువాతే మోటారును దించాలి. అరిగిన కార్బన్ బ్రష్షులు, బ్రష్షులు రాసుకునే కమ్యూటేటరు నల్లబడడం, ఓ-రింగు అనే రబ్బరు వలయం చెడి లోపలికి దిగిన నీరు, ఇవే సాధారణంగా కనిపించే లోపాలు. బ్రష్షుల సెట్టు విడిగా దొరికే మోడళ్లలో మోటారు మొత్తం కొనవలసిన పని లేదు. తిరిగి బిగించేటప్పుడు మోటారు ఇంజనును ఆనుకునే ముఖాన్ని కూడా గీకి శుభ్రం చేయండి. మోటారుకు ఎర్త్ అందేది ఆ ముఖం ద్వారానే.

అన్నీ బిగించాక ఇంజను స్టార్ట్ చేసి, వేగం సుమారు 4000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి బ్యాటరీ వోల్టేజీ చూడండి. 13.5 నుంచి 14.7 మధ్య ఉంటే చార్జింగ్ సరిగా ఉంది. తక్కువైనా ఎక్కువైనా చార్జింగ్ వోల్టేజీని అదుపుచేసే రెగ్యులేటరు కప్లరును (వైర్ల జోడింపును) పరిశీలించండి, దాని పిన్నులు కాలి రంగు మారడం తరచుగా చూస్తాం. ఫాగ్ లైట్లు, మొబైల్ చార్జరు, జీపీఎస్ ట్రాకరు వంటివి తరువాత చేర్చి ఉంటే, వాటి నెగటివ్ వైర్లను ఏదో ఒక రంగు పూసిన బోల్టుకు చుట్టి వదిలేయకుండా లగ్గు వేయించి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు చేర్చండి. వాటి పాజిటివ్ వైర్లకు బ్యాటరీ పక్కనే విడి ఫ్యూజు ఉండాలి.